ఇంటి పన్ను లెక్క – 4వ పాఠం: పదిహేను శాతం దేనిమీద?

ఈసారి అంతస్తుల లెక్క చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి. కిందటిసారి 20 లక్షల విలువైన ఇల్లు, 0.15 శాతం రేటు ఇస్తే, ఎక్కువమంది పన్ను 3 లక్షలని తేల్చారు. ఆ లెక్కన ఏడేళ్లలో ఇల్లే పోతుంది. కాబట్టి ముందు దీన్ని సరిచేసుకుందాం.

2021 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాదు, మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ లెక్కన స్థలానికీ కట్టడానికీ కలిపి తేలే విలువ మీద. నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపల రేటు ఊరి పాలకమండలి పెట్టుకోవాలి. మన లెక్కలో 0.15 అనుకున్నాం. అది పదిహేను కాదు, ఒక శాతంలో ఏడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. నేనైతే శాతం జోలికే పోను, లక్షకు ఎన్ని రూపాయలో చూస్తాను. 0.10 అంటే లక్షకు 100. 0.15 అంటే 150. ఇరవై లక్షలకు 3,000. అంతే.

మరి 15 శాతం ఎక్కడిది? అది రేటు కాదు, పెంపుకు వేసిన కట్ట. కొత్త లెక్క ఎంత తేలినా, నిరుటి పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదన్నారు.

విజయనగరం దాసన్నపేటలో ఒక పాత ఇల్లు అనుకోండి. పాత పన్ను 1,000, కొత్త లెక్కలో 3,000. చిల్లర వదిలేస్తే వరసగా 1,150, 1,322, 1,520, 1,749, 2,011. ఏటా 150 చొప్పున కలిపి 1,750 అని ఆగకండి: ప్రతి పెంపూ నిరుటి మొత్తం మీదే. ఐదేళ్లకు రెట్టింపు, ఎనిమిదో ఏట 3,000.

పక్కనే అంతే విలువతో కొత్త డాబా లేచింది. దానికి పాత పన్నే లేదు కనుక కట్టా లేదు. మొదటి ఏడే 3,000. ఊరి చివర కాలనీలు పెరిగితే రేటు ముట్టుకోకుండానే నగరపాలక ఆదాయం పెరిగేది ఇందుకే. అమెరికాలో చాలాచోట్ల కావలసిన మొత్తం ముందు తేల్చి, దాన్ని ఊరి ఆస్తుల విలువకు పంచుతారు. కొత్త ఇళ్లొస్తే పాతవాళ్ల వాటా తగ్గొచ్చు. మన దగ్గర ముందు రేటు, కాబట్టి పక్కింటి డాబా మీ పన్ను తగ్గించదు. కొత్తగా అప్పుచేసి కట్టుకున్నవాళ్ల మీదే ముందుగా పూర్తి బరువు పడటం నాకు సబబు అనిపించదు.

అభ్యాసం: మీ డిమాండ్ నోటీసు తీయండి. అందులోది ఆరు నెలల మొత్తమైతే రెట్టింపు చేయండి. మీ వీధిలో అంతే విలువగల కొత్త ఇంటితో మీ పన్ను ఏ ఏట కలుస్తుందో లెక్క కట్టండి. తర్వాత, మూడో ఏట రిజిస్ట్రేషన్ విలువ పదో వంతు పెరిగిందనుకుని మళ్లీ మొదటినుంచీ లెక్క కట్టండి.