ఫ్రీబీఎస్‌డీ పార్టిషన్లు: ముందు ఫైల్ మీద చేసి చూడండి

లినక్స్ అలవాటైనవాళ్లకు ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాలర్‌లో ఏడీఏ0పీ2, ఏడీఏ0ఎస్1ఏ లాంటి పేర్లు చూడగానే టెన్షన్. మొదటిదాంట్లో ఏడీఏ0 అంటే మొదటి డిస్కు, పీ2 అంటే జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) ఉన్న డిస్కులో రెండో పార్టిషన్, అంటే విడగొట్టిన రెండో భాగం, అంతే. రెండోది పాత ఎంబీఆర్ పద్ధతి: మనం పార్టిషన్ అనేదాన్ని అక్కడ స్లైస్ (ఎస్1) అంటారు, దాని లోపలి ముక్కే ‘ఏ’.

చదివితే ఇది బుర్రకెక్కదు, చేసి చూడాలి. అసలు డిస్కు జోలికి పోనక్కర్లేదు. రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ఉండి ట్రంకేట్ కమాండ్‌తో 2 జీబీ ఫైల్ చేయండి (పేరుకే 2 జీబీ, రాసినంతే చోటు తింటుంది). ఎండీకాన్ఫిగ్ కమాండ్‌కు మైనస్ ఎఫ్‌తో ఆ ఫైల్ ఇస్తే ఎండీ0 అనే ఉత్తుత్తి డిస్కు పుడుతుంది. జీపార్ట్ (పార్టిషన్లు చేసే కమాండ్) క్రియేట్‌తో దానిమీద జీపీటీ పెట్టి, జీపార్ట్ యాడ్‌తో 1 జీబీ యూఎఫ్ఎస్ (ఫైళ్లు పెట్టే ఫైల్ సిస్టమ్), 512 ఎంబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పార్టిషన్లు కోయండి. ప్రతిసారీ జీపార్ట్ షో కొట్టండి, మిగిలిన చోటు ‘ఫ్రీ’ అని కనిపిస్తుంది. అయ్యాక ఎండీకాన్ఫిగ్ మైనస్ డీ మైనస్ యూ 0తో ఆ డిస్కు విప్పేసి, ఆపైన ఫైల్ తీసేయడమే.

ఒకటే జాగ్రత్త. పార్టిషన్ టేబుల్ చెరిపే జీపార్ట్ డిస్ట్రాయ్‌కి మైనస్ పెద్ద ఎఫ్ (బలవంతంగా చెరిపే ఆప్షన్) తగిలించేటప్పుడు డిస్కు పేరు రెండుసార్లు చూడండి. ఎండీ0 బదులు ఏడీఏ1 పడితే, అది మౌంట్ అయి లేకపోతే, మారుమాట లేకుండా టేబుల్ చెరిపేస్తుంది.