డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల కోసం హోం చూస్తున్నారా? సాయంత్రం వెళ్లండి

హోం వెతుకుతుంటే ఒక్క మాట, వాళ్లు రమ్మన్న టైముకి మాత్రమే వెళ్లి ఊరుకోకండి. మా పెద్దమ్మ కోసం విజయనగరంలో ఒకచోటికి పొద్దున్న పదింటికి అలాగే వెళ్లాం, తుడిచిన గచ్చు, నవ్వుతూ పలకరించే సిస్టర్లు, అంతా బాగుంది. రెండు రోజులాగి చెప్పకుండా సాయంత్రం ఆరింటికి వెళ్తే పన్నెండు మందికి ఒకే ఆయా, ఆవిడ కూడా వంటింట్లో ఉంది. ఈ జబ్బున్న చాలామందికి పొద్దువాలేసరికే కంగారు, ఇంటికెళ్లిపోతానని గొడవ ఎక్కువవుతాయి, డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. అందుకే ఆ వేళకి ఎవరున్నారో చూడాలి, రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారో అడగాలి.

గొడవ చేస్తే ఏం చేస్తారనీ అడగండి. "మాత్ర వేసేస్తాం" అని టక్కున అంటే నేనైతే లేచి వచ్చేస్తాను. ఉన్నట్టుండి తికమక పెరిగితే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, చెప్పుకోలేని నొప్పో ఉండొచ్చు, ముందు అది చూస్తామనేవాళ్లు కావాలి.

బాత్రూంలో కడ్డీలు, గేటు తాళం ఎలాగూ చూస్తారు. భోజనాల వేళ కూర్చుని చూడండి, కంచం పెట్టేసి వెళ్లిపోతున్నారా, పక్కన కూర్చుని తినిపిస్తున్నారా అని. మా పెద్దమ్మకి చోడి (రాగి) అంబలి తప్ప ఏదీ సహించదు, సిరిమాను సంబరం మాటెత్తితే గానీ నోరు విప్పదు. ఇవన్నీ మమ్మల్ని అడిగి రాసుకున్న చోటే చేర్చాం.

చేర్చాక ఏదైనా తేడాగా అనిపిస్తే 14567 ఉంది, వృద్ధుల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.