పాతకాలం వేషానికి లోదుస్తులు: గుడ్డ కొనేముందు జాగ్రత్తలు

విజయనగరంలో నాటకానికి 1890ల నాటి దొరసాని వేషం కడుతున్నారా? షెమీజు (ఒంటికి ఆనుకుని వేసుకునే వదులు లోచొక్కా), కార్సెట్ (నడుము బిగించి కట్టే లోదుస్తు), లోపావడాలకు కత్తెర పట్టేముందు ఇవి చూసుకోండి.

• నైలాన్ బజారుకొచ్చింది 1930ల చివర్లో, పాలిస్టర్ ఇంకా తర్వాత. కాబట్టి గుడ్డే కాదు, లేసు కూడా నూలుదే కావాలి.

• "ప్యూర్ కాటనండీ" అన్నంత మాత్రాన నమ్మేయకండి. ఒక పోగు లాగి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. కరిగి గట్టిగా ఉండకడితే పాలిస్టర్ కలిసినట్టే. మన ఉక్కపోతకి స్టేజీ లైట్ల వేడి తోడైతే ఆ గుడ్డ ఒంటికి అతుక్కుపోతుంది. పాపం, నటి ఎలా భరిస్తుంది?

• షెమీజుకి పొందూరు సన్న ఖద్దరు ఎంతో హాయి. నా ఓటు దానికే. కార్సెట్‌కి మాత్రం వద్దు, లాగి బిగిస్తే చిరుగుతుంది. దానికి సాగని, చిక్కటి నేత ట్విల్ (ఏటవాలు గీతలు కనిపించే నేతగుడ్డ) తీసుకోండి.

• నూలు గుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది. కాస్త ఎక్కువే కొని, రాత్రంతా నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించండి.

• కార్సెట్ బిగువుగా నిలబడేందుకు లోపల దూర్చే సన్నటి బద్దల కొనలు వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే అరగదీయించాలి, లేకపోతే గుడ్డ చీల్చుకుని ఒంట్లో గుచ్చుకుంటాయి.