అమెరికా ఫ్లైట్ ఎక్కేముందు చూసుకోవాల్సినవి

ఎఫ్-1 వీసా (చదువుకోవడానికి ఇచ్చే వీసా) మీద ఎమ్మెస్‌కి వెళ్తున్నారా? పెట్టె సర్దడం కన్నా ముందు ఇవి చూసుకోండి.

• పాస్‌పోర్టు, ఐ-20 (సీటు ఇచ్చాక యూనివర్సిటీ పంపే పత్రం), సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు రసీదు, బ్యాంకు కాగితాలు చేతి బ్యాగులోనే ఉండాలి. నేను ఐ-20ని పెద్ద సూట్‌కేసులో పెట్టేశాను. శంషాబాద్‌లో కౌంటర్ ముందు నేల మీదే పెట్టె తెరిచి, కందిపొడి డబ్బా, దుప్పటి, చెప్పులు ఒక్కొక్కటే బయటపెట్టి వెతికాం. అమ్మ చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ టెన్షన్ మీ ఇంట్లోవాళ్లకు వద్దు.

• ఐ-20లో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మీ సంతకం మర్చిపోకండి.

• ఐ-20లో ఉన్న కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందే వెళ్తే రానివ్వరు. టికెట్ కొనేముందే లెక్కేసుకోండి.

• నాన్నమ్మ ఎంత ప్రేమగా పెట్టినా చికెన్ పచ్చడి వద్దు, మాంసం ఉన్నవి కస్టమ్స్‌లో తీసేస్తారు. ఆవకాయ పర్లేదు. తినేవి ఏమున్నా దాచకుండా చెప్పండి.

• టీకాల రికార్డు, మందులకు డాక్టర్ చీటీ.

• దిగాక ఐ-94 (మీరు అమెరికాలోకి వచ్చినట్టు ఉండే ప్రభుత్వ రికార్డు) ఆన్‌లైన్‌లో తీసి, ఎఫ్-1 అనే ఉందో లేదో చూడండి. తప్పుంటే అదే రోజు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పండి.