అమ్రాబాద్ అడవిలో మంటలు ఫోన్‌లోనే చూడాలంటే

ఎండాకాలం ఆకు రాలాక మన్ననూరు వైపు పొగ లేచిందంటే చాలు, వాట్సాప్‌లో పాత ఫొటోలు తిరుగుతాయి. వాటిని చూసి టెన్షన్ పడకుండా నాసా వాళ్ల ఫర్మ్స్ (FIRMS) అనే మంటల మ్యాప్ తెరిచి అమ్రాబాద్ మీదికి జూమ్ చేయండి, ఉచితమే. ఉపగ్రహం వేడిని పట్టిన చోట ఎర్ర చుక్క పడుతుంది, సాధారణంగా మూడు గంటల్లోపే.

చాలామంది ఇక్కడే పొరబడతారు: ఉపగ్రహంలో వేడిని పట్టే వీర్స్ (VIIRS) పరికరం చూపే చుక్క సుమారు 375 మీటర్ల గడికి నడిబిందువు మాత్రమే, మంట అందులో ఏ మూలనైనా ఉండొచ్చు, గడి మొత్తం కాలిందని కూడా కాదు. మిర్యాలగూడ వైపు కోతలయ్యాక గుంపుగా చుక్కలుంటే వరికొయ్యలు కాల్చినవి కావచ్చు, అడవి అనుకోకండి. కింద శాటిలైట్ ఫొటో వేసి పొలమా అడవా చూసుకోండి.

ఎంత కాలిందో తేలాలంటే యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు, మంటకు ముందుది, తర్వాతది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో (కంటికి కనబడని కాంతిని రంగుల్లో చూపే తీరులో) పక్కపక్కన పెట్టాలి. చెట్లు పచ్చగా, కాలిన నేల ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. మబ్బు పడితే మాత్రం ఏమీ కనబడదు, తర్వాతి చిత్రం దాకా ఆగాల్సిందే.