వర్చువల్ మెషిన్‌లో స్క్రీన్ రీడర్ లైసెన్స్ పోకుండా చూసుకోవడం ఎలా?

తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలో జాస్ డబ్బు పెట్టి కొనేది. దానికి యాక్టివేషన్ (లైసెన్స్‌ను ఆ కంప్యూటర్‌కు ముడివేయడం) లేకపోతే అది 40 నిమిషాల మోడ్‌లో నడుస్తుంది. గడువు అయ్యాక విండోస్‌ను రీస్టార్ట్ చేస్తేగానీ మళ్లీ నోరు విప్పదు. సగం టైప్ చేసిన ఫారం ముందు కూర్చుని ఉంటే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

కంప్యూటర్ హార్డ్‌వేర్ ఆనవాళ్లను బట్టి జాస్ ఒక లాకింగ్ కోడ్ తయారు చేసుకుంటుంది. మామూలు కంప్యూటర్‌లో ఆ ఆనవాళ్లు ఏళ్ల తరబడి మారవు. వర్చువల్ మెషిన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో మాత్రం అవి సెట్టింగ్స్ ఫైల్‌లో రాసుకున్న అంకెలే. కాపీ తీస్తే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్ మారిపోవచ్చు, అప్పుడు లైసెన్స్‌కు అది వేరే కంప్యూటర్‌లా కనిపించవచ్చు.

1. ముందు ఎన్‌వీడీఏ వేసుకోండి. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఈ ఉచిత స్క్రీన్ రీడర్‌కు యాక్టివేషన్ గొడవే లేదు. ఎన్ని మెషిన్లలో అయినా వేసుకోవచ్చు. దాంతో వచ్చే ఈస్పీక్ అనే స్వర ఇంజిన్ తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది, అంతే. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుందని నా అభిప్రాయం.

2. పెయిడ్‌దే కావాలంటే, ర్యామ్, ప్రాసెసర్లు, నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్ అన్నీ ముందే ఖాయం చేసుకుని ఆ తర్వాతే యాక్టివేట్ చేయండి.

3. స్నాప్‌షాట్ (తర్వాత వెనక్కి వెళ్లేందుకు మెషిన్ అప్పటి స్థితిని దాచుకోవడం) యాక్టివేషన్ తర్వాతే తీయండి. నేను ఒకసారి తిరగేసి చేశాను. కొత్త విండోస్ వేయగానే స్నాప్‌షాట్ తీసి, తర్వాత యాక్టివేట్ చేశాను. వారం తర్వాత ఏదో పాడైతే వెనక్కి వెళ్లాను. విండోస్ బాగుపడింది, లైసెన్స్ ఎగిరిపోయింది. మళ్లీ యాక్టివేట్ చేయబోతే యాక్టివేషన్ల కోటా అయిపోయిందన్నారు. రీసెట్ చేయమని కంపెనీకి మెయిల్ రాసి ఎదురుచూడాల్సి వచ్చింది.

4. మెషిన్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చేటప్పుడు, వర్చువల్ మెషిన్లను నడిపే వీఎంవేర్ ‘ఐ మూవ్డ్ ఇట్’, ‘ఐ కాపీడ్ ఇట్’ అని అడుగుతుంది. మొదటిదే నొక్కండి. రెండోది నొక్కితే కొత్త గుర్తింపు పుడుతుంది. అలాంటిదే అయిన వర్చువల్‌బాక్స్‌లో క్లోన్ (నకలు) చేస్తుంటే మ్యాక్ అడ్రస్‌లను, హార్డ్‌వేర్ యూయూఐడీలను (గుర్తింపు సంఖ్యలను) అలాగే ఉంచే ఆప్షన్లు ఎంచుకోండి. ఒకే లైసెన్స్‌ను రెండు చోట్ల వాడుకోవడానికి మాత్రం ఇది దారి కాదు. పాత కాపీని ఆపేయాలి.

5. మెషిన్లు తరచూ మార్చేవాళ్లకు యూఎస్‌బీ డాంగుల్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం) నయం. లైసెన్స్ డాంగుల్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని వర్చువల్ మెషిన్‌కు కనెక్ట్ చేస్తే చాలు.

వెబ్‌సైట్లు టెస్ట్ చేసేవాళ్లు 40 నిమిషాల మోడ్‌తో సరిపెట్టుకుందామనుకుంటారు. ఒప్పంద పత్రం అందుకు ఒప్పుకోదు, ఒకసారి చదవండి. విండోస్ లైసెన్స్ వేరే సంగతి, దాన్నీ విడిగా చూసుకోవాలి.

ఇంత చేశాక కూడా మెషిన్ మూగబోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కండి, ఎన్‌వీడీఏ లేస్తుంది. అదీ లేవకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్ వస్తుంది. అయితే నొక్కే ముందు కీబోర్డు వర్చువల్ మెషిన్ చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బయటి కంప్యూటర్‌లో నరేటర్ మాట్లాడుతుంటే లోపలిదే అనుకుని తికమకపడతారు.