మామిడి సీజన్‌కు ముందే పికప్ అదురు సంగతి తేల్చుకోండి

ఉగాది దాటిందంటే నూజివీడు తోటల దగ్గర పికప్‌లకు చేతినిండా కిరాయిలే. చిన్న రసాలో బంగినపల్లో నింపుకుని రాత్రికి రాత్రే విజయవాడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి, తెల్లారేసరికి హైదరాబాద్ పక్కన బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఉండాలి. దాదాపు 300 కిలోమీటర్ల దారి. ఊళ్లో 40లో తిరిగినన్నాళ్లూ బయటపడని అదురు హైవే మీద 70 దాటగానే మొదలవుతుంది. కొన్ని బండ్లలో 90కి పోతే తగ్గినట్టు ఉంటుంది. అందుకే స్పీడు పెంచి ఆ అదురును దాటేసే డ్రైవర్లు ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి. బ్యాలెన్స్ తప్పిన చక్రం కొట్టే దెబ్బ వేగంతో పాటు పెరుగుతూనే ఉంటుంది. ఆ వేగం దగ్గర బాడీ దానికి ఊగడం మానేస్తుంది, అంతే. బేరింగులకు, టైర్లకు తగిలేది తగులుతూనే ఉంటుంది.

ఈ పనికి సీజన్‌కు కనీసం రెండు వారాల ముందు కూర్చోండి. లోడు కట్టే రోజు పొద్దున షెడ్డుకు తీసుకెళ్తే ఏదో ఒకటి మార్చి పంపేస్తారు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, షాకర్లు, ఇంజిన్ మౌంటింగులు వరసగా మార్చుకుంటూ పోయి, డబ్బులన్నీ అయిపోయాక కూడా అదే అదురుతో తిరిగే బండ్లు ఎన్నో. సామాను కొనేముందు ఆ అదురు దేనితో పాటు నడుస్తోందో కనుక్కోవాలి.

బండిలో తిరిగేవి ముఖ్యంగా మూడు: చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిరుగుడు అందించే పొడవాటి గొట్టం), ఇంజిన్. మూడూ ఒకే వేగంతో తిరగవు, మనకు దారి చూపేది అదే. 215/75 ఆర్15 టైరు ఒక్క చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. అంటే చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తిని బట్టి షాఫ్ట్ దానికి సుమారు నాలుగు రెట్లు, సెకనుకు నలభై చుట్లు తిరుగుతుంది. చక్రం వల్ల వచ్చే అదురు దడదడమని చేతికి, నడుముకు విడివిడిగా తెలుస్తుంది. షాఫ్ట్ వల్ల వచ్చేది గుమ్మని ఒకటే మోతగా పాదాల కింద రేకులో వినిపిస్తుంది, వెనక అద్దంలో బొమ్మ మసకబారుతుంది.

ఖాళీ బండితో, రద్దీ లేని తిన్నని రోడ్డు మీద, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని పరీక్ష చేయండి. స్పీడు, గేరు, అదురు ఎక్కడుందో ఆయన రాసుకుంటాడు, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ముందు 75 దగ్గర టాప్ గేరులో నడపండి, తర్వాత అదే 75ని ఒక గేరు తగ్గించి పట్టుకోండి. ఇంజిన్ చుట్లు మారినా అదురు మారకపోతే ఇంజిన్‌ను వదిలేయొచ్చు. వెనకాల బండ్లు లేవని చూసుకుని క్లచ్ నొక్కి కాసేపు బండిని దానంతట అది పోనివ్వండి. అప్పుడూ అదే అదురు ఉంటే చక్రాల మీదే మొదటి అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఉంటే షాఫ్ట్ వైపు చూడాలి. ఈ పరీక్షలో తాళం మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

స్టీరింగ్‌లో ఎక్కువుంటే ముందు చక్రాలు, సీటులో ఎక్కువుంటే వెనక చక్రాలు లేదా షాఫ్ట్. ఇది చాలాసార్లు నిజమవుతుంది, ప్రతిసారీ కాదు. ఖాయం చేసుకోవాలంటే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి మళ్లీ నడపండి. అదురు కూడా చోటు మారితే దొంగ చక్రంలోనే ఉన్నాడు. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండా ఎవరూ కొత్త సామాను కొనొద్దని నా గట్టి మాట.

టైర్ల దగ్గర ఎక్కువసేపు గడపండి, మొండి అదురుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. ఏడాదంతా సరిగా తిరగకుండా ఒకేచోట నిలబడ్డ బండికి టైర్లు నేలకు ఆనినచోట చదునవుతాయి. కొన్ని కిలోమీటర్లు నడిచి వేడెక్కాక అదురు పోతే కంగారు లేదు. అరగంట నడిపినా పోకపోతే ఆ టైరు ఆకారం చెడినట్టే. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 1823 అని ఉంటే 2023లో 18వ వారం తయారైంది. అరచేత్తో బటన్ (నేలకు ఆనే గాళ్ల రబ్బరు) మీద చుట్టూ తడమండి. ఒకచోట ఉబ్బు తగిలినా, అక్కడ బటన్ అరుగుదల వేరుగా ఉన్నా లోపల పొరలు విడుతున్నట్టు. ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచకండి. రీట్రేడింగ్ చేసిన (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసిన) టైర్లు ముందు చక్రాలకు వేయడం నాకు అసలు ఇష్టం లేదు.

ఇప్పుడు చక్రం గుండ్రంగా తిరుగుతోందా చూడాలి. చక్రాన్ని పైకి లేపి, బటన్‌కు పేపరు మందమంత దూరంలో ఒక ఇటుక మీద స్క్రూడ్రైవర్ కదలకుండా పెట్టండి. చేత్తో మెల్లగా తిప్పండి. ఒకచోట కొన రబ్బరును గీరుతుంది, ఎదురుగా సందు పెరుగుతుంది. ఆ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే రిమ్ముకు ఎన్ని బ్యాలెన్స్ వెయిట్లు కొట్టినా అదురు పోదు. రిమ్మును కూడా అలాగే చూడండి. రిమ్ము బాగుండి టైరే తేడా అయితే గాలి తీయించి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కిస్తే చాలాసార్లు తేడా తగ్గుతుంది.

బ్యాలెన్సింగ్ మెషీన్ సున్నా చూపిందని నిశ్చింతగా ఉండకండి. చక్రం దాని మీద గాలిలో తిరుగుతుంది, బరువు కింద కాదు. ఒకపక్క గట్టిగా, ఒకపక్క మెత్తగా ఉన్న టైరు అక్కడ పాసైపోయి రోడ్డు మీద కొడుతుంది. ఇంకోటి, చక్రం సరిగా మధ్యకు బిగించకపోయినా ఆ సున్నా తప్పే. షాపులో ఒక మాట అడగండి: "అన్నా, చక్రం విప్పి, కొంచెం తిప్పి మళ్లీ బిగించి చూపించు." రెండోసారి కూడా సున్నా వస్తేనే పని జరిగినట్టు. రిమ్ము లోపల ఎండిన బురద, హబ్ (చక్రం బిగించే చోటు) ముఖం మీద తుప్పు గీకించాకే ఎక్కించాలి. నట్లు ఎదురెదురుగా బిగించాలి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూడాలి.

చక్రాలు బాగున్నాయి, పాదాల కింద గుమ్మనే మోత మాత్రం అలాగే ఉందంటే షాఫ్ట్ పని పట్టాలి. బురద గడ్డకట్టిందా, అంటించిన వెయిట్ ఊడిన మచ్చ ఉందా, సొట్ట పడిందా చూడండి. షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, క్రాస్ (షాఫ్ట్ చివర కోణంలోనూ తిరగనిచ్చే కీలు) దగ్గర టక్‌మని ఆట ఉందా గమనించండి. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు అరుగుతున్నట్టే. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో చూడాలి. షాఫ్ట్ విప్పేముందు, బోల్టులతో బిగించే పళ్లెం లాంటి ఫ్లాంజ్‌కూ, జారుడు భాగానికీ పెయింటుతో గుర్తులు తప్పనిసరి. రెండు చివర్ల ఫోర్కులు (క్రాస్‌ను పట్టుకునే కొమ్ములు) ఒకదానికొకటి తప్పి ఎక్కితే మంచి క్రాసులతోనే కొత్త అదురు పుడుతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగేది, మెకానిక్‌కు మనం చెప్పడం మరిచేది మరొకటుంది. ఎక్కువ బరువు వేయడానికి వెనక కమాన్లకు (పట్టీల స్ప్రింగులకు) అదనపు పట్టీలు వేయిస్తాం. ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనక పైకి లేచిపోతుంది, షాఫ్ట్ కోణం మారిపోతుంది. క్రాస్ రెండు చివరలా ఒకే కోణంలో ఉంటేనే ఒకదాని ఎగుడుదిగుడు తిరుగుడును రెండోది సరిచేస్తుంది. కాబట్టి ఖాళీగా వస్తున్నప్పుడు అదిరి, లోడుతో తగ్గితే ఆ పట్టీల సంగతి తప్పక చెప్పండి. లోడుతోనే అదిరితే కమాన్లు కుంగాయా, వాటిని యాక్సిల్‌కు పట్టి ఉంచే యు బోల్టులు వదులయ్యాయా చూడాలి. పట్టీలు పెంచడం వల్ల బండి మోయగల చట్టబద్ధమైన బరువు పెరగదు. ట్రేలు ఒక వరస తగ్గించి వేయండి.

కింద దూరేవాళ్లు దయచేసి ఇది చదవకుండా దూరొద్దు. ఒక వెనక చక్రం పైకి లేస్తే గేరు బండిని ఆపదు, ఎందుకంటే గాలిలోని చక్రం తిరిగిపోతుంది. షాఫ్ట్ విప్పాక అయితే గేరుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. తోట మట్టిలో జాకీ దిగబడుతుంది. గట్టి సమతల నేల మీద, చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టి, స్టాండ్ల మీద బరువు ఆనించాకే లోపలికి వెళ్లండి. బండిని లేపి ఇంజిన్ మీద చక్రాలు తిప్పించే పరీక్ష ఇంటి దగ్గర వద్దు.

బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు, డ్రమ్ములు చూపించండి. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒకపక్కకు లాగుతుంది, టైరు వంకరగా అరుగుతుంది. అదురుకు అదొక్కటే మందని చేయించుకోకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగు ఆట చూడటం నిమిషం పని.

ఎండాకాలం కదా అని గాలి తగ్గించే అలవాటు మంచిది కాదు. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది. బయల్దేరే ముందు చల్లటి టైర్లలో, కంపెనీ లోడుకు చెప్పిన లెక్క ప్రకారం గాలి పెట్టించండి. దారిలో వేడి టైరులో ప్రెషర్ పెరిగిందని గాలి తీయకండి.

నిన్నటిదాకా లేని అదురు ఇవాళ దారిలో మొదలైతే మార్కెట్ టైమ్ అని టెన్షన్ పడకుండా మెల్లగా వేగం తగ్గించి, రోడ్డు అంచు దాటి ఆపండి. వదులైన నట్లు, విడిపోతున్న టైరు, తెగబోతున్న క్రాస్ ముందుగా ఇలాగే చెబుతాయి. హజార్డ్ లైట్లు వేసి, ఎర్ర త్రిభుజం వెనక దూరంగా పెట్టి, ట్రాఫిక్ లేని పక్క నుంచే నట్లు, టైర్లు చూడండి. రిమ్ము రంధ్రాల చుట్టూ మెరిసే గీతలు ఉంటే నట్లు వదులై తిరిగినట్టే, బిగించుకుని వెళ్లిపోయే పని కాదు. షాఫ్ట్ దగ్గర కణకణమని మోత వస్తే ఇంకో పది కిలోమీటర్లని కూడా లాగకండి. ముందు చివర ఊడి రోడ్డుకు దిగితే బండిని అదుపు చేయలేరు. ఇంకో పికప్‌ను పిలిపించి కాయలు మార్చండి.